క్రిమి లేని క్షయ

ఆరు నెలలు టీబీ మాత్రలు మింగించి, ఆయాసం తగ్గలేదని మళ్లీ మొదటి నుంచి మింగించడాన్ని వైద్యం అనలేం. ఊపిరితిత్తుల కణజాలం వాచి, మచ్చకట్టి, గట్టిపడిపోయే ఐఎల్‌డీ (ఇంటర్‌స్టీషియల్‌ లంగ్‌ డిసీజ్‌) జబ్బుల బారినపడ్డ వారిలో ఎంతోమందికి మన దేశంలో జరుగుతున్నది ఇదే. ఎక్స్‌రేలో నీడ కనబడితే క్షయ. కఫంలో క్రిమి లేదన్నా, క్రిమి జన్యువును వెతికే సీబీనాట్‌ పరీక్ష కాదన్నా క్షయే! ఇంత టీబీ ఉన్న దేశంలో ముందు దాన్నే అనుమానించడం సబబు. ఆధారం దొరక్కపోయినా, మందుకు రోగం లొంగకపోయినా అదే మాట పట్టుకు వేలాడటం నేరంతో సమానం.

ఈ జబ్బులు రెండు వందల రకాల పైమాటే. తొలి అనుమానానికి మాత్రం ఖరీదైన యంత్రాలక్కర్లేదు. వీపు కింది భాగాన స్టెతస్కోపు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చమంటే, చాలామందిలో వెల్‌క్రో పట్టీ ఊడదీసినట్టు చిటపటలు వినిపిస్తాయి. కొందరి వేళ్ల కొసలు ఉబ్బుతాయి. కూర్చున్నప్పుడు సవ్యంగా ఉన్న ఆక్సిజన్‌ ఆరు నిమిషాల నడకకే పడిపోవచ్చు. ఊపిరితిత్తులను సూక్ష్మంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌ ఆ తర్వాతి మాట. అసలు చొక్కా ఎత్తి వీపు చూసే తీరిక ఎందరు డాక్టర్లకుంది?

2012-15 మధ్య దేశంలోని 19 నగరాల్లో, 27 కేంద్రాల్లో 1,084 మంది ఐఎల్‌డీ రోగులను నమోదు చేశారు. వారిలో 47.3 శాతం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌, అంటే పీల్చిన బూజూ ధూళీ పడక ఊపిరితిత్తులు వాచిపోవడం. ఆ రోగుల్లో దాదాపు సగం మంది విషయంలో అనుమానం ఎయిర్‌కూలర్‌ మీదికే వెళ్లింది. వేసవి రాగానే మూల నుంచి కూలర్‌ బయటికి లాగి, నిరుటి గడ్డి మీదే నీళ్లు పోసే ఇళ్లు మనకు కొత్తా? కూలరుందా, పావురాలున్నాయా, ఏం పని చేస్తావు అని అడగడానికి నిమిషం చాలు. అడగకపోతే రోగి మందుచీటీతో మళ్లీ ఆ గాలిలోకే వెళ్లి పడుకుంటాడు.

జబ్బు పేరు తెలియకుండా స్టెరాయిడ్లు రాయడం మరో సాహసం. హైపర్‌సెన్సిటివిటీలో అవి మేలు చేయొచ్చు. కారణం అంతుచిక్కని ఐపీఎఫ్‌ రకంలో మాత్రం ప్రెడ్నిసోన్‌ అనే స్టెరాయిడ్‌ను అజాథయోప్రిన్‌, ఎన్‌-ఎసిటైల్‌సిస్టీన్‌తో కలిపి ఇస్తే మరణాలు పెరిగాయని 2012లోనే అమెరికా అధ్యయనం తేల్చింది. పిర్ఫెనిడోన్‌, నింటెడానిబ్‌ మచ్చ పాకే వేగాన్ని తగ్గిస్తాయి, అంతే. మచ్చకట్టిన భాగాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. తప్పుడు చికిత్సలో కరిగిన నెలల ఖరీదు అదే.

తప్పు డాక్టరొక్కడిదే అనలేం. జబ్బు ముదిరాక రాజధానికి పంపడమే పద్ధతిగా పెట్టుకున్న ప్రభుత్వాలదీ. ప్రతి బోధనాసుపత్రిలో ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీతో పాటు, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతుందో చెప్పే డీఎల్‌సీవో పరీక్ష ఉండాలి. ఛాతీ వైద్యుడు, రేడియాలజిస్టు, కీళ్లవాత నిపుణుడు వారానికొకసారైనా కలిసి కూర్చుని సీటీలు చూడాలి. క్రిమి రుజువు కాకుండా టీబీ మందులు వాడుతున్నవారిలో రెండు నెలలకీ ఆయాసం తగ్గని ప్రతి ఒక్కరినీ ఈ నిపుణుల బృందం ముందుకు పంపాలని వైద్య ఆరోగ్య శాఖ ఈ వేసవిలోపే ఉత్తర్వు ఇవ్వాలి.