ప్యాకెట్ మీద తెలుగు ఎక్కడ?

పామిడిముక్కల మండలంలో ఏ ఊరి కిరాణా దుకాణానికి వెళ్లినా చిప్స్, మిక్చర్, బిస్కెట్ ప్యాకెట్లు గుమ్మానికి తోరణాల్లా వేలాడుతుంటాయి. వరి కోసిన చేలలో మినుము పండించే ప్రాంతం మనది. అయినా సాయంత్రం పిల్లల చేతిలో సున్నుండ కంటే ఆ ప్యాకెట్టే ఎక్కువగా కనిపిస్తోంది.

అందులోని నూనె చాలావరకు మన పొలాలది కాదు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అవుతున్నదే. ఆ దిగుమతిలో పెద్ద వాటా పామాయిల్‌ది. ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చి, కాకినాడ, కృష్ణపట్నం వంటి రేవుల వద్ద శుద్ధి అయి ఆహార పరిశ్రమకు చేరుతుంది. చవక, త్వరగా చెడిపోదు. పరిశ్రమకు కావలసింది అదే.

దిగుమతి దానంతట అదే దోషం కాదు. పామాయిల్ విషమూ కాదు. అయితే అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు. అది మితిమీరితే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఇంట్లో నెలకు ఎంత నూనె కొన్నామో గృహిణికి తెలుసు. ప్యాకెట్ల ద్వారా ఎంత తిన్నామో ఎవరికీ తెలియదు.

ఆ లెక్క చెప్పవలసింది లేబుల్. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు. రక్తపోటుకు భయపడి ఆవకాయ మానేసిన పెద్దావిడ, మనవడు పెట్టిన మిక్చర్‌లో ఎంత ఉప్పు ఉందో ఎలా తెలుసుకోగలదు?

ప్రభుత్వం 2022 జనవరి నుంచి నూనెలలో, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వును 2 శాతానికి పరిమితం చేసింది. అది మంచి పని. కానీ ఎంత తినాలన్న నిర్ణయం తినేవారిదే. అందుకు వారి భాషలో సమాచారం కావాలి. చిన్న ప్యాకెట్‌పై చోటు చాలదన్న వాదన నిలవదు. ప్రకటనల్లో రుచిని తెలుగులో వర్ణించగలవారు ఉప్పు, చక్కెర, కొవ్వు అనే మూడు మాటలు తెలుగులో అచ్చువేయలేరా? తెలుగు నేలపై అమ్మే ప్రతి ప్యాకెట్‌పై ఆ మూడూ తెలుగులో ఉండేలా నిబంధన మార్చాలి.

అంతవరకు బడికి వెళ్లే పిల్లల చేత లేబుల్ చదివించండి. ఎక్కువ బరువున్న పదార్థం పేరే జాబితాలో ముందుంటుంది. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చదివాక కొనాలో మానాలో మీరే నిర్ణయించుకోండి.