లారీ క్రింది మనిషి - తుప్పు పట్టిన బోల్టు

న్యూఢిల్లీ స్టేషనులో రైలు దిగిన తపాలా సంచి మోటారు లారీ ఎక్కునప్పుడు మనకు ముగ్గురు గుర్తుకు వత్తురు. సంచిని దింపిన రైల్వే సోదరుడు, సీలు సరిచూచి లెక్క వ్రాసుకొన్న ఆర్.ఎమ్.ఎస్. సోదరుడు, లారీ నడుపు డ్రైవరు. కాని నాలుగవ వాడొకడు కలడు. ఆ లారీ మరునాడు కదలవలెనన్నచో దాని క్రింద వెల్లకిలా పడుకొని, తుప్పు పట్టి బిగిసిపోయిన బోల్టును విప్పవలసిన మెకానిక్కు అతడు. అతడు కంటికి కనబడడు గనుక మన తీర్మానములలోను అరుదుగానే కనబడుచున్నాడు. అతనిని గురించియే ఇచ్చట వ్రాయదలచినాము.

ఒక వర్షాకాలము ముగిసిన పిమ్మట ఢిల్లీ సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లోని ఒక మరమ్మతు షెడ్డుకు వెళ్ళినాము. లారీ వెనుక ఇరుసు జాకీ మీద నిలిచియున్నది. జాకీ క్రింద రెండు ఇటుకలు. క్రింద ఇరువది యేండ్లు నిండని యువకుడు కమాను కట్టను పట్టియుంచు యు బోల్టు నట్టును విప్పుచున్నాడు. పానాకు పొడవాటి పైపు తొడిగినాడు. నట్టు కదలలేదు. మరొకడు వచ్చి పైపు మీద కాలు మోపినాడు. ఫెళ్ళున బోల్టు తెగినది. యువకుని పిడికిలి ఛాసిస్‌కు తగిలి చర్మము లేచిపోయినది. పైనుండి రాలిన తుప్పు కంటిలో పడినది. యజమాని తలవంచి చూచి అడిగినది ఒక్కటే: "ఇంకా ఎంతసేపు?"

ఆ ప్రశ్నను మనము జాగ్రత్తగా పరిశీలింపవలెను. ఎందుకనగా బోల్టు తెగుటకు, చేయి తెగుటకు మూలకారణము ఆ ప్రశ్నలోనే ఉన్నది.

బోల్టు ఎందుకు బిగిసిపోవును? నట్టు మరలకు, బోల్టు మరలకు నడుమ వెంట్రుకవాసి సందు ఉండును. నీరు, గాలి ఆ సందులో చేరినప్పుడు ఇనుము తుప్పుగా మారును. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎన్నో రెట్లు స్థలమాక్రమించును. అందుచేత సందు పూడిపోయి, నట్టు, బోల్టు ఒకే ముద్దవలె అగును. ఢిల్లీ వానలలో రహదారులు చెరువులగుట అందరూ ఎరిగినదే. మన రైళ్ళు పైనుండి పోవు మింటో బ్రిడ్జి క్రింద నిలిచిన నీటిలో 2020 జూలైలో ఒక చిన్న లారీ డ్రైవరు ప్రాణములు కోల్పోయినాడు. అట్టి నీటిలో ఇరుసు మునుగ నడిచిన వాహనము అడుగుభాగములో బురద నెలల తరబడి తడిని పట్టియుంచును. విశాఖ, కాకినాడ రేవుల నుండి వచ్చు లారీలకు ఉప్పుగాలి దీనికి తోడగును.

ఇట్టి బోల్టును విప్పుటకు బలము కంటె ఓపిక ముఖ్యము. పనితనమెరిగిన మేస్త్రీ మొదట తీగ బ్రష్షుతో మరలను శుభ్రపరచును. తుప్పులోనికి దిగు నూనె పోసి, వీలున్నచో రాత్రంతా నాననిచ్చును. ఉదయము మరల పోసి, నట్టు ప్రక్కలపై సుత్తితో చిన్న దెబ్బలు వేయును. ఆ అదురుకు నూనె లోనికి దిగును. ఆరు పలకలను పూర్తిగా పట్టు సాకెట్టు వేసి, ముందు కొంచెము బిగించు దిశగా త్రిప్పి, తుప్పు పట్టు విడిన పిమ్మట విప్పును. కదిలినచో ఒక్కమారుగా లాగడు. కొంత విప్పి, కొంత బిగించి, నూనె పోసి, మరల విప్పును. అప్పటికిని కదలనిచో నట్టును గ్యాసు మంటతో వేడిచేయును. వేడికి నట్టు వ్యాకోచించి పట్టు సడలును. అయితే డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టములు, విద్యుత్తు తీగెలు దగ్గరనున్న చోట మంట ముట్టించుట ప్రాణాంతకము. జింకు పూత గల బోల్టును కాల్చినప్పుడు వెలువడు పొగ పీల్చుటయు హానికరమే. ఇక వెనుక చక్రముల స్ప్రింగు బ్రేకు చాంబరు పట్టీ బోల్టు ఎంత చిన్నదైనను దానిపై చేయి వేయరాదు. లోపల అణచియున్న స్ప్రింగును ముందుగా బంధింపకున్నచో మూత గుండు వలె ఎగిరి మనిషిని చంపును.

బోల్టు తెగిన పిమ్మట పని పదింతలగును. రంధ్రములో మిగిలిన ముక్క నడుమ పంచితో గుర్తు పెట్టి, సన్నని డ్రిల్లుతో తిన్నగా తొలిచి, ఎదురు మరల పనిముట్టుతో పట్టి త్రిప్పి తీయవలెను. ముక్క పైకి కనబడుచున్నచో దానిపై కొత్త నట్టును వెల్డింగు చేసి విప్పుదురు. రెండును ఫలింపనిచో మొత్తము తొలిచివేసి కొత్తగా ట్యాపు వేయవలెను. వెల్లకిలా పడుకొని, ఇనుప రజను ముఖముపై రాలుచుండగా చేయవలసిన పని ఇది. ఉదయము రెండు గంటలు ఓపిక పట్టలేని యజమాని సాయంత్రము వరకు వేచియుండక తప్పదు. తొందర లాభము తెచ్చుననుట భ్రమ.

యు బోల్టు విషయములో మరొక విచిత్రము కలదు. దానిని ఒకసారి విప్పినచో మరల వాడరాదనియే తయారీదారులు చెప్పుదురు. కొత్తది వేసి, కొంత దూరము నడిపిన పిమ్మట బిగింపు సరిచూడవలెను. అనగా తుప్పు పట్టిన ఆ నట్టును కోసి పారవేసినను నష్టము లేదు. అయినను పాతదానినే మరల వేయవచ్చుననెడి ఆశతో ముగ్గురు మనుషులు పైపుపై వ్రేలాడుచున్నారు. కాపాడబడుచున్నది బోల్టు. ఖర్చగుచున్నది మనిషి.

రైల్వే సోదరులకు ఈ విషయము కొత్త కాదు. అతుకులున్న పట్టాల మీద ఏటేట చలికాలములో ఫిష్ ప్లేటులు విప్పి, తుప్పు తుడిచి, గ్రీజు పూసి తిరిగి బిగించుట మన గ్యాంగు సోదరుల పాత అలవాటు. అతుకు బిగిసిపోయినచో వేసవిలో పట్టా వ్యాకోచించుటకు చోటు దొరకదు. దాని ఫలితమేమో వారికి తెలియును. బోల్టు బిగిసిపోవక ముందే విప్పి చూచుటకు మనుషులను, దినములను కేటాయించుట వృథా ఖర్చు కాదని రైలుదారి ఏనాడో నేర్పినది. ఆ పాఠము రహదారి వాహనములకు వర్తింపదా?

చిన్న షెడ్డు యజమానికి అంత స్థోమత లేదని కొందరందురు. ఆ మాటలో కొంత నిజమున్నది. అతనిని కూడ లారీ యజమాని తొందరపెట్టుచున్నాడు. లారీ యజమానిని సరకు కాంట్రాక్టరు తొందరపెట్టుచున్నాడు. కాని సాయంత్రము వచ్చిన లారీ బోల్టుకు నూనె పోసియుంచుటకు అయ్యెడి ఖర్చెంత? రెండు ఉక్కు స్టాండులు, చక్రములకు అడ్డు దిమ్మెలు, ఒక జత రక్షణ కళ్ళద్దములు కొనలేని వ్యాపారము లేదు. లేనిది డబ్బు కాదు, అడుగువాడు.

చట్టము అడుగునా? 1948 ఫ్యాక్టరీల చట్టము, విద్యుచ్ఛక్తి వాడుచు పదిమంది పనిచేయు చోటును కర్మాగారముగా గుర్తించినది. 35వ సెక్షను కండ్ల రక్షణకు సంబంధించినది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి తెచ్చిన వృత్తి భద్రతా కోడు ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. పది నుండి పందొమ్మిది మంది గల షెడ్డు ఒక్క కలముపోటుతో కర్మాగారము కాకుండ పోయినది. పదిమందికి లోబడిన షెడ్డు పాత చట్టములోను కర్మాగారము కాదు. సురక్షితమైన పని పరిసరములను కార్మికుని మౌలిక హక్కులలో చేర్చవలెనని 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక మహాసభ నిర్ణయించినది. ఆ హక్కు ఇటుకల మీది జాకీ క్రింద పడుకొన్నవానికి చేరినదా యని ప్రశ్నించుట మన విధి.

ఇది పరుల విషయమని మన సభ్యులెవరును తలపరాదు. శాఖ స్వంత మెయిల్ మోటారు వాహనములతో పాటు కాంట్రాక్టు వాహనములును తపాలా సంచులను మోయుచున్నవి. కాంట్రాక్టు లారీ అడుగున తెగిన బోల్టు ఏ షెడ్డులో, ఎవరి చేతిని కోసి మార్చబడినదో మన రిజిస్టరులలో ఉండదు. సంచి సకాలములో చేరినదా యను ఒక్క గడియే మనము నింపుచున్నాము. ఇందులో మా లోపమును ఒప్పుకొనుచున్నాము. అలవెన్సుల కొరకు ఎన్నో రాత్రులు చర్చలు సాగించిన మేము, లారీ క్రింద ఎన్ని గంటలు పని యని ఒక్కనాడును అడుగలేదు.

కావున మా అభిప్రాయము ఇది. కేవలము జాకీపై నిలిచిన వాహనము క్రింద ఎవరును దూరరాదు. దూరనన్నవానిపై చర్య తీసికొనరాదు. నూనె నానుటకు పట్టు కాలము పనికాలముగానే లెక్కింపబడవలెను. తీసిన యు బోల్టును పారవేసి, అదే స్థాయి బలము గల కొత్తదానిని వేయవలెను. తపాలా రవాణా కాంట్రాక్టు పత్రములలో ఈ నియమములు షరతులుగా చేరవలెను. శాఖా వర్క్‌షాపుల సోదరులు తమ షెడ్డులో ఇవి అమలగుచున్నవో లేవో చూచి మా కార్యాలయమునకు వ్రాయవలెనని కోరుచున్నాము.

"ఇంకా ఎంతసేపు?" అని ఇకముందు ఎవరైన తలవంచి అడిగినప్పుడు, లారీ క్రిందినుండి వచ్చు సమాధానము వెనుక ఒక సంఘము నిలిచియుండవలెను. "బోల్టు విడుటకు ఎంతసేపు పట్టునో, అంతసేపు."