ఇంటి ముచ్చటలు: కొండయంచున కడలిదారి

నాంపల్లినుండి ఒక సోదరి ఈ నెల మాకు జాబు వ్రాసినది. వారి యింట వేసవి సెలవులకు ఇటలీదేశము పోవు ఆలోచన జరుగుచున్నదట. ఆబిడ్సులోని యొక ప్రయాణపు దుకాణమున గాజుతలుపుమీద అంటించిన రంగుపటమును చూచి ఆమె భర్త ముచ్చటపడెనట. నీలిసముద్రము, నిటారుగా లేచిన కొండ, కొండనడుమున మొలనూలువలె చుట్టుకొన్న సన్నని దారి, ఆ దారిమీద ఎఱ్ఱని చిన్నకారు. పిల్లలు అప్పుడే అటకమీది పెట్టెలు దింపినారు. అత్తగారికి అరువదియెనిమిది ఏండ్లు, మోకాళ్లనొప్పులు. కనుక ఆమె యింటికి కాపుగా నుండవలెనని నిర్ణయమైనది. "మా అత్తగారు ఇంతవరకు సముద్రమును చూడలేదు. ఆమె చేతికి తాళముచెవి యిచ్చి మేము సముద్రమును చూడబోవుటకు నా మనసు ఒప్పకున్నది. కాదనుటకు నోరును రాకున్నది. ఏమి చేయుదును?" అని ఆమె ప్రశ్న.

సోదరీ, నీ భర్త ముచ్చటపడుట తప్పు కాదు. ఆ పటములోనిది సామాన్యమైన దారి కాదు. నేపుల్సు నగరమునకు దక్షిణమున అమాల్ఫీతీరమను కొండనేల యున్నది. అచ్చట కొండలు తిన్నగా సముద్రములోనికే దిగును. నడుమ మైదానమనునది లేదు. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి సగములో, నేపుల్సును బూర్బను రాజులు ఏలుచుండగా, ఆ కొండలను తొలిచి సుమారు 50 కిలోమీటర్ల బాట వేసిరి. అంతకుముందు ఆ యూళ్లవారికి పడవలును కంచరగాడిదల మెట్లదారులును తప్ప వేఱు గతి లేదు. 1997లో యునెస్కోవారు ఆ తీరమును ప్రపంచ వారసత్వ స్థలముగా ఎన్నుకొనిరి.

అయితే ఆ పటములో అగపడనిది యొకటి యున్నది. ఆ కొండచరియలనిండ నిమ్మతోటలు. రాతిగోడలు కట్టి, మెట్లుమెట్లుగా మన్ను నిలిపి పెంచిన తోటలు అవి. పూర్వము ఆ నిమ్మకాయల గంపలను మెట్లమీదుగా రేవువరకు మోసినవారు ఆడువారే. యాభై కిలోలకు పైబడిన గంపను వీపున వేసికొని రోజునకు పలుమారులు ఎక్కుచు దిగుచు నుండెడివారు. వారిని 'ఫొర్మికెల్లె' అని పిలిచిరి, చిన్నచీమలని అర్థము. చీమలని పిలిచినవారు బరువు మోయనివారై యుందురని నా యూహ. ఆ రాతిగోడలు అందమునకు మాత్రమే కాదు. కొండను పట్టి నిలుపునవి అవియే. 1954 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి ఆ తీరమున కొండలు విరిగిపడి, వఱదలు వచ్చి, మూడువందలమందికి పైగా చనిపోయిరి. నేడు యాత్రికుల కార్లు ఆ యిరుకుదారిలో ఇమడక, 2022నుండి రద్దీదినములలో సరిసంఖ్య బేసిసంఖ్యలనుబట్టి బయటివారి కార్లను రోజు విడిచి రోజు పోనిచ్చుచున్నారు.

ఇక నీ ప్రశ్నకు వత్తును. ఇటలీ మానుకొనుమని నేను చెప్పను. సెలవులలో మొదటి వారము అత్తగారితో విశాఖపట్టణమునకు పొండు. కొండయు కడలియు కలిసి నడచు దారి మనకును ఒకటి యున్నది. విశాఖనుండి భీమునిపట్టణము వఱకు సుమారు 30 కిలోమీటర్లు. తాళముచెవి పొరుగింటివారి కిచ్చిన చాలును.

హైదరాబాదు ఆడువారికి సముద్రము దూరపుచుట్టము. మన పిల్లలు హుస్సేనుసాగరును చూచి సాగరమన్న అదియే యనుకొందురు. నిజాముల రాజ్యమునకు సముద్రపుటొడ్డు లేదు. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినప్పుడు మనకు సముద్రము కలిసినది. 2014లో మరల విడిపోయినది. కాని రైలు విడిపోలేదు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్సు సాయంకాలము హైదరాబాదులో ఎక్కినవారిని తెల్లవారునప్పటికి విశాఖలో దింపును. పెద్దవారికి క్రింది బెర్తు దొరకునట్లు ముందుగా టిక్కెట్లు తీసికొనుడు. నాంపల్లి స్టేషనువంటిచోట అడుగడుగునకు కూర్చుండబెట్టుచు తీసికొనిపోయినచో మోకాళ్లు అడ్డురావు.

విశాఖలో స్నానము, ఫలహారము ముగించి కారు మాట్లాడుకొనుడు. కడుపునిండ తిని బయలుదేరవలదు. మలుపులలో కొందఱికి కడుపు త్రిప్పును; ఒక శొంఠిముక్క బుగ్గన నుంచుకొనిన మేలు. పెద్దావిడను ముందు సీటులో కూర్చుండబెట్టుడు. మన యిండ్లలో ముందు సీటు మగవారిదియు, వెనుకసీటు ఆడువారిదియు, ఒడిలో పసివాడును కాళ్లసందున టిఫిను క్యారియరును. ఎన్ని ఘాటుదారులలో మనము క్యారియరు మూతను తప్ప మఱేమియు చూడకుండ తిరిగి వచ్చితిమో!

ఇంకొక మాట. ఉత్తరముగా భీమిలికి పోవునప్పుడు సముద్రము కుడిచేతివైపున నుండును. మన దేశమున బండ్లు ఎడమప్రక్కన నడచును గనుక మీకు దగ్గఱగా నుండునది కొండ. తిరిగివచ్చునప్పుడు సముద్రము ఎడమకు వచ్చును. అప్పుడు మీ కిటికీకిని నీటికిని నడుమ అడ్డేమియు నుండదు. కనుక పోవునప్పుడు కొండను చూడుడు, వచ్చునప్పుడు కడలిని చూడుడు. ఇటలీలో బండ్లు కుడిప్రక్కన నడచును. అచ్చట తూర్పుముఖముగా పోవువారికి సముద్రము దగ్గఱ.

కైలాసగిరి, జలాంతర్గామి ప్రదర్శనశాల మొదలగువానిని పిల్లలే అడిగి చూతురు. వానికి నా మాట అక్కఱలేదు. జోడుగుళ్లపాలెము దాటినపిదప జాలరిపల్లెలు కనబడును. ఒడ్డున పడవలు, వలలు, ఎండబెట్టిన చేపలు. శాకాహారపు ముక్కులు కొంచెము ముడుచుకొనును. ముడుచుకొననీయుడు, కాని అద్దములు ఎత్తించవలదు. తలమీద గంపలతో నడచిపోవు ఆ జాలరి స్త్రీలకు మన కారు అద్దముల వెనుకనుండి చూచుచున్న ముఖము తెలియకపోదు. పైని చెప్పిన నిమ్మకాయల చీమలును వీరును ఒక్క యింటి ఆడుబిడ్డలే.

ఋషికొండవద్ద ఇసుక చక్కగా నుండును. 2020లో ఆ తీరమునకు నీలిజెండా గుర్తింపు వచ్చినది. పిల్లలను చేయిపట్టి మాత్రమే నీటిలోనికి దింపుడు. ఈ తీరమున అల తిరిగిపోవునప్పుడు కాళ్లక్రింది ఇసుకను లాగికొనిపోవును. తల యెత్తి ఆ కొండను గూడ చూడుడు. ఇటీవలి సంవత్సరములలో కట్టడములకై దానిని తొలిచిరి. ఆ వ్యాజ్యము న్యాయస్థానములవఱకు పోయినది. ఇటలీవారు రాతిగోడలు కట్టి కొండను నిలుపుకొనుచుండగా మనము కొండను చదును చేసికొనుట నాకు బోధపడదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ తీరమునే తాకెను. ఒక్క దినములో నగరమందలి చెట్లు వేలకొలది కూలినవి. సముద్రమునకు ఎదురుగా కొండలే నిలువవలసిన చోటు ఇది.

నాకు మిక్కిలి యిష్టమైనది తొట్లకొండ. పైవఱకు కారు పోవును గనుక పెద్దవారికి శ్రమ లేదు. 1976లో నౌకాదళమువారు విమానములో పరిశీలించుచుండగా ఈ స్థలము బయటపడినది. త్రవ్వగా రెండువేల యేండ్లనాటి బౌద్ధవిహారము. స్తూపము, భిక్షువుల గదులు, భోజనశాల, వంటయిల్లు. కొండఱాతిలో తొలిచిన నీటితొట్లు ఇచ్చట నున్నవి. వానివలననే కొండకు ఆ పేరు. కొంత దూరమున బావికొండ యున్నది; దాని పేరును అట్టిదే. ఆ కొండలమీద ఏఱులు లేవు, చెఱువులు లేవు. వానకాలపు నీటిని పట్టి ఱాతిలో దాచుకొని భిక్షువులు సంవత్సరము గడపిరి. ఎదుట కనుచూపుమేర నీరే. త్రాగుటకు చుక్క లేదు. నీళ్లబండికై బిందెలు వరుసబెట్టి యెఱిగిన ఆడువారికి ఆ తొట్లయెదుట నిలిచినప్పుడు కలుగు గౌరవము, చరిత్రపుస్తకము చదివినప్పుడు కలుగదు. మా అత్తగారిని తీసికొనిపోయినప్పుడు ఆమె స్తూపమును ఒకసారి చూచి, తొట్లవద్ద అరగంట నిలిచి, "దీనికి మూత యేమి వేసియుందురే?" అని నన్ను అడిగెను.

ఆ దినమే మంగమారిపేటవద్ద, అలలు తొలిచిన ఱాతితోరణము కనబడుచోట, ఆమె కారు ఆపుమన్నది. నెమ్మదిగా తడియిసుకవఱకు నడచి, వంగలేక నన్ను దోసిటితో నీరు తెమ్మని, వేలితో నాలుకకు తాకించుకొని, "నిజముగనే ఉప్పు" అన్నది. డెబ్బదియేండ్లు ఆమె ఆ మాటను ఇతరుల నోట వినుచు నమ్మియుండెను. ఈ దారిలో ఆపుట ముఖ్యము. డ్రైవరు ముప్పావుగంటలో భీమిలి చేర్చెదనని గొప్పగా చెప్పును, ఒప్పుకొనవలదు. పూటంతయు మాట్లాడుకొని, మీరు చెప్పినచోట నిలుపవలెనని ముందే చెప్పుడు.

భీమిలికి కొంచెము ఇవతల ఎఱ్ఱమట్టిదిబ్బలు. సముద్రము వెనుకకు తగ్గిన కాలములలో గాలి యిసుకను ఎత్తి పోసినది. అందలి ఇనుము త్రుప్పుపట్టి కుంకుమరంగు వచ్చినది. వాన దానిని చీల్చి లోయలు చేసినది. ఇట్టివి దక్షిణాసియాలో తమిళనాడునందును సింహళమునందును తప్ప అరుదు. భారత భూగర్భ పరిశోధన శాఖవారు జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో దీని పేరు చేరినది. అమాల్ఫీకి 1997లో దొరకిన పీటకు ఇది గుమ్మము. అత్తగారిని అంచున నీడలో కూర్చుండబెట్టుడు. మెత్తని ఇసుకలో మోకాళ్లు దిగబడును. పిల్లలను దిబ్బల అంచులమీద జాఱనీయవలదు. బొమ్మలకొలువునకై సంచులలో ఆ మన్నును తెచ్చుకొను అలవాటు కొందఱికున్నది. ఒక్కొక్కరు ఒక్క గుప్పెడే యందురు. ఆ దిబ్బలు గుప్పెడు గుప్పెడుగా చేరినవే.

భీమునిపట్టణమున గోస్తనీనది సముద్రములో కలియును. బొఱ్ఱాగుహలవైపు కొండలలో పుట్టిన నది ఇది. పదునేడవ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకము చేసిరి. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. 1861లోనే పురపాలకసంఘ మేర్పడినది. డచ్చివారి సమాధులు నేటికిని ఉన్నవి. ఇల్లు విడిచి, ఓడలలో నెలలు గడపి వచ్చి, ఈ యెండలో చనిపోయినవారి గోరీలు అవి. పిల్లలు ప్రశ్నలు వేయుదురు, చెప్పుడు. కొండమీద నరసింహస్వామి ఆలయమున్నది. మెట్లు ఎక్కలేనివారు క్రిందనుండియే దండము పెట్టుకొని నదీముఖమువద్ద కూర్చుండిన హాయిగా నుండును. మధ్యాహ్నభోజనమునకు పులిహోరయు పెరుగన్నమును కట్టుకొనిపోవుట మేలు. ఆకులు, కాగితములు తిరిగి సంచిలోనే వేసికొనుడు.

కారు మాట్లాడుకొను స్తోమత లేనివారు చిన్నబోవలదు. విశాఖనుండి భీమిలికి ఆర్టీసీ బస్సులున్నవి. బస్సులో సీటు ఎత్తుగా నుండును గనుక రోడ్డుప్రక్క గోడలు అడ్డురాక సముద్రము ఇంకను బాగుగా కనబడును. తిరిగివచ్చునప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకొనుడు.