ఆరోగ్య దర్శిని: భుజంలో టెండన్ తెగితే ఆపరేషనా, వ్యాయామమా?

స్కానింగు రిపోర్టులో ‘భుజం టెండన్ తెగినది’ అన్న వాక్యం చూడగానే ఇంటిల్లిపాదికీ తోచే ప్రశ్న ఒక్కటే: ఆపరేషన్ ఎప్పుడు? తెగిన దానిని కుట్టక తప్పదు గదా అనుకోవడం సహజమే. అయితే భుజం విషయంలో ఈ తర్కం అన్నివేళలా చెల్లదు. ‘తెగిందా?’ అన్న ప్రశ్న కంటె ‘ఎలా తెగింది?’ అన్న ప్రశ్నకే ఎక్కువ విలువ ఉన్నది.

కండరాన్ని ఎముకకు బిగించి ఉంచే గట్టి పట్టీని టెండన్ అంటారు. భుజం కీలులో చేతి ఎముక గుండు పెద్దది, అది కూర్చునే గుంట లోతు లేనిది. ఆ గుండు జారిపోకుండా నాలుగు కండరాల టెండన్లు చుట్టూ పట్టి ఉంచుతాయి. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అని వ్యవహరిస్తారు. వీటిలో పైభాగాన ఉండే సుప్రాస్పైనేటస్ టెండన్ తరచుగా చిరుగుతుంది. తల దువ్వుకోవడం, పై అరలోని డబ్బా అందుకోవడం, దండెంపై బట్టలు ఆరవేయడం కష్టమవుతుంది. ఆ వైపు తిరిగి పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు.

ఈ చిరుగులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వయసుతోపాటు క్రమంగా అరిగి చిరిగేది. అరవై దాటిన వారిలో ఏ బాధా లేకున్నా స్కానింగులో ఇటువంటి చిరుగు కనబడటం అరుదేమీ కాదు. నొప్పి తీవ్రతకు, చిరుగు పరిమాణానికి సరిపోలిక ఉండకపోవచ్చు. ఇటువంటి వారికి ముందుగా వ్యాయామ చికిత్స చేయించడమే సమంజసం. వ్యాయామం వలన తెగిన టెండన్ తిరిగి అతుక్కోదు. మిగిలిన కండరాలు బలపడి దాని పనిని పంచుకుంటాయి.

రెండవది దెబ్బ వలన ఒక్కసారిగా తెగేది. స్కూటర్ జారిపడి, నిచ్చెన మీది నుంచి పడి, స్నానాలగదిలో కాలుజారి భుజం మోపిన మరుక్షణం నుంచి చేయి పైకి లేవదు. ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదని తేలుతుంది. ఎక్స్‌రేలో టెండన్ కనబడదన్న సంగతి తెలియక, బెణుకే గదా అని తైలం రాసుకుంటూ నెలలు గడిపేవారు ఎందరో. ఇక్కడ ఓర్పు చేటు తెస్తుంది. తెగిన టెండన్ కాలక్రమేణా వెనక్కు లాగుకొనిపోతుంది. కండరం క్షీణించి దానిలో కొవ్వు చేరుతుంది. ఆ మార్పు ముదిరాక కుట్టినా పూర్వపు బలం రావడం కష్టం. కనుక దెబ్బ తగిలాక చేయి ఎత్తలేకపోతే, ముఖ్యంగా నడివయసులోపువారు, కొద్ది రోజులలోనే ఎముకల వైద్యునికి చూపించుకొని, అల్ట్రాసౌండు గాని, ఎంఆర్ఐ గాని అవసరమేమో అడగాలి.

మధుమేహం ఉన్నవారు మరొక సంగతి గమనించాలి. వారిలో భుజం బిగుసుకుపోయే వ్యాధి ఎక్కువ. అందులో ఇతరులు ఎత్తినా చేయి పైకి పోదు. టెండన్ తెగినపుడు సాధారణంగా ఇతరులు ఎత్తితే చేయి పోతుంది, తనంత తాను ఎత్తబోతేనే లేవదు. రెండూ కలిసి ఉండవచ్చు గనుక నిర్ణయం వైద్యునికే విడవాలి.

పరిశోధనలు ఏమంటున్నవి? అమెరికాలో దెబ్బ లేకుండా టెండన్ పూర్తిగా తెగిన 452 మందికి వ్యాయామ చికిత్స ఇచ్చి చూశారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్లలో ఆపరేషన్ చేయించుకొన్నవారు నాలుగోవంతుకు లోపే. ఫిన్లాండులో 55 ఏళ్లు దాటినవారిలో అరుగుదలతో చిరిగిన 180 భుజాలపై జరిగిన అధ్యయనంలో (2014) ఏడాది తరువాత వ్యాయామం చేసినవారికీ, కుట్టించుకొన్నవారికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. నార్వేలో చిన్న, మధ్యస్థపు చిరుగులున్న 103 మందిని పదేళ్లు గమనించగా (2019) కుట్టించుకొన్నవారి స్థితి మెరుగుగా ఉన్నది. ఈ మూడింటికీ వైరుధ్యం లేదు. అరుగుదల చిరుగుకు తొందర అవసరం లేదు. కాని కుట్టని చిరుగు కొందరిలో ఏళ్ల మీద పెద్దదవుతుంది. కనుక ఇంకా చాలాకాలం బరువు పని చేయవలసిన వారు నొప్పి తగ్గినా పరీక్షలు మానరాదు.

వ్యాయామ చికిత్సను మనవారు ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. వారం రోజులు కరెంటు పెట్టించుకొని, ‘ఫిజియోథెరపీ కూడా అయింది, తగ్గలేదు’ అనడం పరిపాటి. యంత్రం ఇచ్చే ఉపశమనం తాత్కాలికం. అసలు చికిత్స కసరత్తులోనే ఉన్నది: గోడపై వేళ్లతో మెల్లగా పైకి పాకించడం, రెక్క ఎముకలను వెనక్కు లాగి పట్టడం, మోచేయి నడుముకు ఆనించి రబ్బరు పట్టీని బయటకు లాగడం వంటివి. ఒకసారి నిపుణుల వద్ద నేర్చుకొని, ఇంటివద్ద ప్రతిదినం ఆరు నుంచి పన్నెండు వారాలు చేస్తేనే ఫలితాన్ని అంచనా వేయగలం. కార్టిజోన్ ఇంజెక్షన్ కొంతకాలం నొప్పి తగ్గిస్తుంది గాని, పదే పదే తీసుకుంటే టెండన్ బలహీనపడవచ్చు.

ఆపరేషన్‌కు సిద్ధపడేవారు దాని తరువాతి కాలాన్ని లెక్కించుకోవాలి. నేడు చిన్న రంధ్రాల ద్వారానే కుడుతున్నారు. అయినా దాదాపు నాలుగు నుంచి ఆరు వారాలు చేయి పట్టీలోనే ఉండాలి. బరువు పనులకు ఆరు నెలలు పట్టవచ్చు. ఆ తరువాత కూడా అదే వ్యాయామం తప్పదు. పెద్ద చిరుగు, పెద్ద వయసు, అదుపులో లేని చక్కెర, పొగతాగడం ఉంటే కుట్టు అతుక్కోకపోయే అవకాశం హెచ్చు.

మనవంటి సంస్థలలో ఒక ప్రత్యేకమైన ఆలోచన వినబడుతుంది: ‘రిటైరయ్యేలోగా చేయించుకుంటే ఖర్చు కంపెనీదే గదా!’ కంపెనీ చెల్లించేది బిల్లు మాత్రమే. ఆరు నెలల అసౌకర్యం, ఇంట్లో సేవ చేసేవారి శ్రమ బిల్లులో ఉండవు. పదవీ విరమణ తేదీ ఆపరేషన్‌కు కారణం కారాదు. అలాగే సెలవు దొరకదని, ఆదాయం తగ్గుతుందని దెబ్బకు తెగిన టెండన్‌ను వాయిదా వేయడమూ తగదు. తలపైకి చేతులెత్తి వెల్డింగు, వైరింగు చేసేవారు కోలుకొనేవరకు తేలిక పని కోసం వైద్యుని సిఫారసు అడగవచ్చు.

వైద్యుని వద్దకు వెళ్లినపుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది దెబ్బ వలన తెగినదా, అరుగుదలా? కండరంలో కొవ్వు చేరిందా? నా వయసుకు, నా పనికి కుట్టు నిలిచే అవకాశం ఎంత? వ్యాయామంతో ఆగితే మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి? నాలుగవ ప్రశ్నకు తేదీతో సహా సమాధానం తీసుకొని క్యాలెండరుపై గుర్తు పెట్టుకోండి. ఆనాటికి చేయి ఎంతవరకు లేస్తున్నదో, రాత్రి నిద్ర పడుతున్నదో చూసుకుంటే ఆపరేషన్ అవసరమా కాదా అన్నది మీకూ, వైద్యునికీ చాలావరకు తేలిపోతుంది.