కెమేరాకు రెండు కళ్లు

పిల్లలూ! మీరు ఎస్. రాయవరం పొలంగట్టున నిలబడ్డారనుకోండి. దూరాన తాటిచెట్టు ఉన్నది. ముక్కు ముందు వేలు నిలిపి, ఒక్కొక్క కన్నే మూసి చూడండి. వేలు చెట్టుకు అటూ ఇటూ దూకుతుంది. చేయి చాస్తే ఆ దూకుడు తగ్గుతుంది.

ఈ కిటుకుతోనే రేంజ్‌ఫైండర్ కెమేరా దూరం కొలుస్తుంది. 1932లో వచ్చిన లైకా-2 అటువంటిదే. దాని రెండు కిటికీలు చూపే బొమ్మలు, కటకాన్ని తిప్పగా ఒకటైతే, దూరం కుదిరినట్టే.

తాతగారి పెట్టెలో ఇటువంటి పాత కెమేరా దొరికిందా? ఫిల్ము వేసేముందు కటకాన్ని అనంత దూరానికి తిప్పి చంద్రుణ్ణి చూడండి. ఇద్దరు చంద్రులు కనిపిస్తే బాగుచేయించాలి; లేకుంటే ఫొటోలు మసకబారుతవి. లోపలి అద్దాన్ని మాత్రం గుడ్డతో తుడవకండి! దాని పలుచని పూత చెరిగితే రెండవ బొమ్మ కనిపించదు. కెమేరాకు ఒక కన్ను పోయినట్టే!