కుళాయి ఎవరు తిప్పాలి?



పోయిన వారం మన పిల్లల పుస్తకాల్లో మన పేట ఎందుకు కనపడదో రాశాను. అది చదివి డీఈడీ చేస్తున్న ఒక చెల్లి ఫోన్ చేసింది. వాళ్ల కాలేజీలో కథ చదివి వినిపించి, ఆ కథలో వచ్చే ఇబ్బందికి పిల్లల చేతే ఒక వస్తువు తయారు చేయించే పద్ధతి గురించి చెప్పారట. "అక్కా, వినడానికి బాగానే ఉంది. మన బళ్లలో నడుస్తుందా? మళ్లీ మన పిల్లల చేత చాకిరీ చేయించే కొత్త దారి కాదు కదా?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పాను. రెండోదానికి ఈ వారం మొత్తం పట్టింది.

ముందు ఆ పద్ధతేమిటో చూద్దాం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని నావెల్ ఇంజనీరింగ్ అంటున్నారు. 2020లో పుస్తకం కూడా తెచ్చారు. టీచర్ కథ చదువుతుంది. అందులో మనుషులకు వచ్చిన కష్టాలేమిటో పిల్లలు పోగేస్తారు. ఒకటి ఎంచుకుంటారు. ఇక ఆ పాత్రే వాళ్ల క్లయింట్. అట్టపెట్టెలు, దారం, టేపు, పాత డబ్బాలు పెట్టుకుని ఆ కష్టం తీర్చే వస్తువు చేస్తారు, పరీక్షిస్తారు, అది విరిగిపోతే మళ్లీ చేస్తారు. ఖరీదైన కిట్టు అక్కర్లేదు.

సాహిత్యం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నాకు ఇందులో బాగా నచ్చింది వేరే ఉంది. వస్తువు చేయాలంటే పిల్లలు మళ్లీ కథలోకి వెళ్లాలి. ఆ పాత్ర ఎంత చిన్నది, ఇంట్లో ఏముంది, చేతిలో డబ్బులున్నాయా, ఎవరు సాయం చేస్తారు, ఇవన్నీ వెతకాలి. "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగితే మన పిల్లలు కథ వినకుండానే జవాబు చెప్పేస్తారు. "ఈ పాప ఈ బకెట్టు ఎత్తగలదా?" అంటే మాత్రం మళ్లీ చదవక తప్పదు.

ఇక చాకిరీ సంగతి. చెల్లి భయం గాల్లోంచి పుట్టింది కాదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక విద్యకు ఒక కొత్త పథకం తెచ్చాడు. పల్లెటూరి పిల్లలకు బడి మూడు గంటలే, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. ఆ బడి సంవత్సరం మొదలయ్యే నాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పెరియార్ దాన్ని కులవిద్య అన్నాడు. మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక ఎత్తేశాడు. చెప్పులు కుట్టేవాడి కొడుక్కి మధ్యాహ్నం నుంచి ఆర, పొత్తిలి చేతికి వస్తాయి. వకీలు కొడుకు మధ్యాహ్నం నుంచి ఏం చేస్తాడో ఆ పథకానికి అనవసరం. ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగుల దగ్గరా కుమ్మరుల దగ్గరా నేర్చుకోమంటోంది. అది చదివినప్పుడు మన అమ్మానాన్నలకు ఒళ్లు జలదరించిందంటే తప్పు వాళ్లది కాదు. "మేం చేతులరగదీసుకుంది నువ్వు పెన్ను పట్టుకోవడానికిరా" అన్న ఇళ్లలోంచి వచ్చాం మనం.

కానీ ఈ రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు పడతాం. కులవిద్యలో పిల్లాడి చేతికి జవాబు ఇస్తారు. ఇదే నీ పనిముట్టు, ఇదే నీ బతుకు అని. ఈ పద్ధతిలో పిల్లాడి చేతికి ప్రశ్న ఇస్తారు. ఏది కష్టమో వాడే తేలుస్తాడు. ఎలా తీర్చాలో వాడే చెబుతాడు. పైగా క్లాసులో అందరూ చెయ్యాలి, పేరు వెనక తోక ఉన్న పిల్లలు కూడా అట్ట కత్తిరించి జిగురు పూసుకోవాలి. నిజానికి వాళ్లకే ఇది ఎక్కువ అవసరం.

మన పిల్లలకు చేతిపని కొత్తగా నేర్పాలా అసలు? ఎండాకాలం తాటితోపుల దగ్గరికి వెళ్లి చూడండి. తినేసిన ముంజికాయలు రెండు తీసుకుని, మధ్యలో పుల్ల గుచ్చి, చీలిన పంగలకర్రను ఆ పుల్ల మీద ఆనించి తోసుకుంటూ పరిగెడతారు. చక్రం, ఇరుసు, ఇరుసును జారనివ్వని పంగ. పుల్ల బిగుతుగా ఉంటే చక్రం తిరగదని, మరీ వదులుగా ఉంటే ఊడిపోతుందని ఆరేళ్ల పిల్లాడికి తెలుసు. తెగిన హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోసి చక్రాలు చేసేది కూడా వీళ్లే. ఇదే పిల్లాడు బళ్లోకొస్తే "చేతులు మురికి, వెళ్లి కడుక్కో" అంటారు. టింకరింగ్ అని పేరు పెట్టిన అటల్ ల్యాబులకు స్కూలుకి 20 లక్షలు ఇస్తారు, అదీ ఆరో తరగతి నుంచి. కంచ ఐలయ్య గారు పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద లాండ్' 2007లో నవయాన ప్రచురణగా వచ్చింది. దుర్గాబాయి వ్యాం బొమ్మలు వేశారు. తోలు శుద్ధి చేయడం, కుండ చేయడం, బట్టలుతకడం, ఇవన్నీ విజ్ఞానమే అని పిల్లలకు చెప్పే పుస్తకం అది. మీ ఊరి బడి బీరువాలో ఉందేమో ఒకసారి చూడండి.

పోయిన వేసవి సెలవుల ముందు ఒక ప్రాథమిక పాఠశాలలో 4, 5 తరగతుల పిల్లలతో ఇది చేసి చూశాను. కథ నేనే ఎంచుకున్నాను. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చెప్పుకున్న చిన్నప్పటి సంగతి. బళ్లో కుళాయి ఉంది. భీమ్ దాన్ని ముట్టుకోకూడదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్లు, బంట్రోతు లేకపోతే ఆ రోజు దాహంతోనే ఉండాలి. దీన్ని పిల్లల మాటల్లో చెప్పి, "భీమ్ మీ క్లయింట్, ఏం చేస్తారో చేయండి" అన్నాను.

అరగంటలో క్లాసంతా అట్టముక్కలు. ఒక జట్టు కాలితో తొక్కితే తెరుచుకునే కుళాయి చేసింది. సీసాకి చిల్లు, దానికి మేకు, మేకుకి దారం, దారానికి చెక్క పలక. నిజంగా నీళ్లు వచ్చాయి! ఇంకో జట్టు ఇంటి నుంచి తెచ్చుకోవడానికి మెడలో వేలాడే సీసా చేసింది. ఆ క్లాసు టీచర్ చప్పట్లు కొట్టింది, ఫోటోలు తీసింది. ఒక ఐదో తరగతి పాప మాత్రం ఏమీ చేయలేదు. ఏమ్మా అంటే, "బంట్రోతు రాకపోతే పంతులు తిప్పొచ్చు కదా టీచర్, ఆయనకి చేతుల్లేవా?" అంది.

మనం మార్కులు వేసే లెక్కలో ఆ పాపకి సున్నా. వస్తువు చేయలేదు కదా. కాలికుళాయికి పదికి పది.

కాలికుళాయి చేసిన పిల్లల్ని నేను తప్పుపట్టను. భీమ్ గొంతు తడపాలనే వాళ్లు చేశారు, అదేమీ చిన్న కోరిక కాదు. కానీ ఆ యంత్రం దేన్ని ఒప్పుకుంటోందో చూడండి. భీమ్ చెయ్యి కుళాయికి తగలకూడదన్న నియమాన్ని ఒప్పుకుని, దాన్ని చెక్క పలకలో బిగించేసింది. ఇంజనీరింగ్‌లో షరతులని ఉంటాయి. ఇంత డబ్బులో చేయాలి, ఇంత బరువు మించకూడదు, ఇలాంటివి. ఏ షరతు ప్రకృతి పెట్టింది, ఏది మనిషి పెట్టింది అని అడగడం కూడా ఇంజనీరింగ్‌లో భాగమే. ఆ పాప అడిగింది సరిగ్గా అదే.

ఇది చిన్నపిల్లల ముచ్చట అనుకోకండి. టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద మనం కొట్లాడితే కొన్ని చోట్ల ఏం చేశారు? మనకి ప్లాస్టిక్ గ్లాసులు తెచ్చారు. తాగి పారేయొచ్చు, కడిగే పని లేదు, కేసు లేదు. అదీ ఒక డిజైనే. మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే యంత్రాలు దేశంలో ఉన్నాయి, మనుషుల్ని దించకూడదని 2013 చట్టం ఉంది, అయినా మనుషులు దిగుతున్నారు, చస్తున్నారు. అక్కడ కొరవడింది యంత్రం కాదు. 1927 మార్చి 20న మహాద్ చెరువు దగ్గర కూడా కొరత నీళ్లు తోడే సాధనానికి కాదు. ఆ చెరువును అందరికీ తెరవాలని ఊరి మునిసిపాలిటీ అప్పటికే తీర్మానం కూడా చేసింది. బాబాసాహెబ్ దిగి చేత్తో తాగాడు.

అలాగని ప్రతి కథా కుళాయి కథే కావాలని నేననను. ఈ పద్ధతిలో చిన్న తరగతులకు వాడే పుస్తకాల్లో ఎజ్రా జాక్ కీట్స్ 'ద స్నోయీ డే' ఒకటి. 1962లో వచ్చింది. పీటర్ అనే నల్లజాతి పిల్లాడు మంచులో ఆడుకుని, రేపటికి ఉంటుందని ఒక మంచుముద్ద జేబులో పెట్టుకుంటాడు. ఇంట్లో అది కరిగిపోతుంది. అంతే కష్టం. పిల్లలు పీటర్ కోసం మంచు కరగని డబ్బాలు చేస్తారు. ఒక నల్ల పిల్లాడికి మంచుముద్ద తప్ప ఇంకే దిగులూ లేని ఒక రోజు! మన పేట పిల్లలకు కూడా అలాంటి రోజున్న కథలు కావాలి. ముంజికాయల బండి ఇసకలో దిగబడిపోయిందే అన్న బాధ చాలు, అరగంట పనికి.

చెల్లీ, నీ టీచింగ్ ప్రాక్టీస్‌లో ఇది చేయాలనుకుంటే మూడు మాటలు. కష్టాల జాబితా బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయి, "ఇది సైన్సు కాదు" అని దేన్నీ కొట్టేయకు. వస్తువుతో తీరేవి ఒక పక్క, మనుషులు మారితే తీరేవి ఇంకో పక్క పిల్లల చేతే విడగొట్టించు. రెండో పక్కన పడ్డవాటికి కూడా పని ఇవ్వు. హెడ్మాస్టర్‌కి ఉత్తరమో, పంచాయతీకి అర్జీనో, ఒక నాటకమో. మార్కులు రెండిటికీ సమానం.

ఇంకోటి, అయిపోయాక క్లాసంతా అట్టముక్కలు, జిగురు, నీళ్లు. చీపురు ఎవరి చేతికి వెళ్తుందో చూడు. మా దగ్గర ఎవరూ చెప్పకుండానే ఇద్దరు అమ్మాయిలు లేచారు, ఏ పేట పిల్లలో నేను అడగక్కర్లేకపోయింది. నేను చీపురు తీసుకుని ఒకటి నుంచి పదకొండు దాకా రోల్ నంబర్లు పిలిచాను.