పోయిన బండికి వాయిదా... రాని బీమాకు వడ్డీ

బండి దొంగలపాలైన వాడికి 'ఉపశమన రుణం' ఇస్తామంటూ ఓ ఫైనాన్స్ సంస్థ రాసిన ఉత్తరం మా ముందుంది. విజయవాడ వన్‌టౌన్ నుంచి చుట్టుపక్కల ఊళ్లలోని కిరాణా కొట్లకు సరుకు చేరవేసే ఓ చిరు వ్యాపారికి వచ్చిందది. ఇంటి ముందు నిలిపిన ట్రాలీని రాత్రికి రాత్రి ఎవరో తోలుకుపోయారు. తెల్లారగానే ఆయన స్టేషన్‌కు పరుగెత్తాడు, పోలీసులు కేసు కట్టారు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరంలో చెప్పినవి మూడే సంగతులు. పాత బండి వాయిదాలు ఆపకుండా కట్టాలి. అలా కడుతూ ఉంటే మూడు రోజుల్లో కొత్త బండికి అప్పు మంజూరు చేస్తారు. బీమా సొమ్ము ఎప్పుడొస్తే అప్పుడు పాత ఖాతాలో జమ వేసుకుంటారు. ఖాతాదారుడి కష్టం చూసి చేస్తున్న సాయమట ఇది! సంస్థ పేరు రాయడం లేదు. పేరు రాస్తే ఒక్కరి తప్పుగా మిగిలిపోతుంది. ఫైనాన్స్ వ్యాపారంలో చాలామంది మాట్లాడుతున్న భాషే ఇది.

బండి పోయినంత మాత్రాన అప్పు పోదన్నది నిజమే. ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు దానికి కట్టుబడాల్సిందే. బండిని తానే అమ్ముకుని దొంగలెత్తుకెళ్లారని నాటకమాడేవాళ్లూ ఉన్నారు కాబట్టి, బీమా సంస్థలు నాలుగు ప్రశ్నలు వేయడాన్నీ తప్పుపట్టలేం. రోజు గడవాలంటే బండి కావాలి, బండి కావాలంటే ఎవరో ఒకరు అప్పివ్వాలి. అదీ కాదనం. మా అభ్యంతరమల్లా 'ఉపశమనం' అన్న మాట మీదే. నిక్కచ్చిగా చెప్పాలంటే, అది అబద్ధం.

ఎందుకు అబద్ధమో పాలసీ కాగితమే చెబుతుంది. బండి మీద అప్పున్నంత కాలం ఆ కాగితంలో యజమాని పేరుతోపాటు రుణదాత పేరూ ఉంటుంది. బండి మొత్తంగా పోతే బీమా సొమ్ము మొదట చేరేది రుణదాతకే. అప్పు తీరగా మిగిలిందే యజమానిది. అంటే రుణదాత సొమ్ముకు కాపలా ఉంది. ఆ కాపలావాడికి జీతం ఇస్తున్నది, అంటే ఏటా ప్రీమియం కడుతున్నది, యజమాని. చాలాచోట్ల బండి కొన్న రోజే షోరూములో ఫైనాన్స్ బల్ల దగ్గరే ఆ పాలసీనీ చేతిలో పెడతారు. అందులో కమీషన్లు ఎవరికి ముడతాయో చెప్పనక్కర్లేదు. ఇంత భద్రత ఉన్న సొమ్ము రావడం ఆలస్యమైతే, ఆ మధ్యకాలానికి బాధితుడికే మరో అప్పు అంటగట్టి, దానికి కూడా వడ్డీ వసూలు చేసుకోవడాన్ని ఉపశమనం అంటున్నారు.

లెక్క వేసి చూద్దాం. ట్రాలీ ధర 5 లక్షల రూపాయలు. అందులో 4.5 లక్షలు అప్పు, వడ్డీ 14 శాతం, గడువు 48 నెలలు అనుకుంటే నెల వాయిదా సుమారు 12,300 అవుతుంది. పద్నాలుగు నెలలు సక్రమంగా కట్టాక బండి పోయిందనుకుందాం. ఏడాది దాటిన బండికి 20 శాతం తరుగు తీసేస్తారు కాబట్టి పాలసీలో రాసిన విలువ 4 లక్షలు. అప్పటికి మిగిలిన అప్పు దాదాపు 3.43 లక్షలు. చిన్నాచితకా కోతలు పక్కనపెడితే, బీమా సొమ్ము వెంటనే వచ్చి ఉంటే పాత అప్పు పూర్తిగా తీరిపోయేది. యాభై ఆరు వేల దాకా చేతిలో మిగిలేది. కొత్త బండికి డౌన్‌పేమెంట్ అదే! ఎవరి ఉపశమనమూ అక్కర్లేకుండా మనిషి నిలబడేవాడు.

ఆ సొమ్ము రాలేదు కాబట్టి ఏమైంది? డౌన్‌పేమెంట్‌కు బయట చేబదులు తెచ్చుకోవాలి. లేని బండికి 12,300, ఉన్న బండికి మరో 12,300 కట్టాలి. నెలకు 24,600! ఒక్క బండి తిరిగి రెండు బండ్ల వాయిదాలు సంపాదించాలి. బీమా సంస్థ దగ్గర 4 లక్షలు ఆరు నెలలు ఆగిపోతే, అదే 14 శాతం చొప్పున ఆ ఆలస్యం ఖరీదు 28 వేలు. దాన్ని భరిస్తున్నదెవరు? ఆలస్యం చేసిన బీమా సంస్థ కాదు. రుణదాత అంతకన్నా కాదు, ఆయనకు రెండు ఖాతాల్లోనూ వడ్డీ పడుతూనే ఉంది. బండి పోగొట్టుకున్నవాడే ఎదుటివాడి నిదానానికి కూడా వడ్డీ కడుతున్నాడు.

ఆ ఉత్తరంలోని షరతు ఇంకా విడ్డూరం. పాత వాయిదాలు తప్పకుండా కట్టినవాడికే కొత్త అప్పు. బండి పోయి, రాబడి ఆగిపోయి, రెండు వాయిదాలు తప్పినవాడికి లేదు. అంటే ఉపశమనం అవసరమైనవాడికి అది దొరకదు, దొరికేవాడికి అంతగా అవసరం ఉండదు. వర్షంలో తడిసినవాడికి గొడుగివ్వం, తడవకుండా వస్తే ఇస్తాం అన్నట్టుంది.

ఇక ఆ ఆలస్యం ఎక్కడ పుడుతోందో చూడాలి. మా విలేకరి కలిసినప్పుడు ఆ వ్యాపారి ఓ ప్లాస్టిక్ సంచి విప్పి కాగితాలన్నీ మంచం మీద పరిచాడు. ఎఫ్ఐఆర్ నకలు, ఆర్సీ, పాలసీ, సంతకాలు చేసిన రవాణా శాఖ ఫారాలు, స్టాంపు కాగితం మీద హామీపత్రం. వాటి మీద రెండు తాళంచెవుల ఫొటో. అసలువి బీమా సంస్థకు అప్పగించేశాడు. ఒకటి అరిగిపోయి, దుర్గమ్మ బొమ్మ ఉన్న గొలుసుతో ఉంది. రెండోది కొత్తదానిలా మెరుస్తోంది. అదెందుకు అరగలేదని విచారణకు వచ్చినాయన అడిగాడట! డ్రైవరూ యజమానీ ఒక్కడే అయిన బండికి రెండో తాళంచెవి బీరువాలో కాకపోతే ఎక్కడుంటుంది? అన్నీ ఇచ్చాక ఇంకొక్కటి మిగిలింది: బండి దొరకలేదని పోలీసులు ఇవ్వాల్సిన 'నాన్‌ట్రేసబుల్' పత్రం. అది వచ్చేదాకా ఫైలు కదలదన్నారు.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. వాయిదా బకాయి 90 రోజులు దాటితే మొండి బాకీగా లెక్కగట్టాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నిబంధన. బండి సంగతి పోలీసులు ఓ మాట చెప్పేందుకు ఎంత గడువుందో, బండి పోగొట్టుకున్నవాడి మీద ఎగవేతదారుడని ముద్ర పడటానికీ అంతే గడువుంది. రెండు గడియారాలు దాదాపు ఒకేసారి మొదలవుతాయి. మొదటిది నిలిచిపోయినా అడిగేవాడు లేడు, రెండోది ఒక్క రోజు కూడా ఆగదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు బీమా సొమ్ము వచ్చేసరికి ఆ మనిషి సిబిల్ స్కోరు మట్టి కరిచి ఉంటుంది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం ఉన్నది మన హైదరాబాద్‌లోనే. పత్రాలు లేవన్న కారణంతో క్లెయిమును తిరస్కరించరాదని, పరిష్కారానికి నిజంగా అవసరమైన పత్రాలే అడగాలని, సర్వేయరు నివేదిక అందిన ఏడు రోజుల్లో నిర్ణయం చెప్పాలని 2024 జూన్‌లో ఆ సంస్థ మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. మంచి మాటలే. తిరస్కరించవద్దన్నారు కాబట్టి తిరస్కరించడం లేదు, 'పెండింగ్' అంటున్నారు. ఆ ఒక్క మాటతో సర్క్యులర్ చిత్తుకాగితం అవుతుంటే నియంత్రణ సంస్థ చూస్తూ ఊరుకోవచ్చా?

కోర్టుకు వెళ్లమంటారా? బీమా సంస్థకు ఆలస్యంగా తెలిపారన్న సాకుతో నిజమైన దొంగతనం క్లెయిమును యాంత్రికంగా తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2017లో ఓంప్రకాశ్ కేసులో చెప్పింది. 2020లో గుర్‌శిందర్ సింగ్ కేసులో, 2022లో జైనా కన్‌స్ట్రక్షన్ కేసులో, వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసినవారి విషయంలో ఆ మాటకే కట్టుబడింది. న్యాయం జరిగింది, సందేహం లేదు. కానీ జైనా కేసులో లారీ పోయింది 2007 నవంబరులో, తుది తీర్పు వచ్చింది 2022 ఫిబ్రవరిలో. ఓ కంపెనీ పద్నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరగగలదేమో. నలభై కిరాణా కొట్లను నమ్ముకున్న ట్రాలీ యజమాని పద్నాలుగు రోజులు కూడా ఆగలేడు. వారం రోజులు సరుకు రాకపోతే కొట్టువాడు మరో బండిని చూసుకుంటాడు. ఆ కొట్టు మళ్లీ తిరిగి రాదు. ఏ పాలసీలోనూ ఆ నష్టానికి గడి ఉండదు.

త్వరగా చెల్లించడం సాధ్యం కాదన్న వాదన విజయవాడలో అసలే చెల్లదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు వేలాది బండ్లు నీట మునిగాయి. అప్పుడు ప్రభుత్వం బీమా సంస్థలనూ బ్యాంకులనూ పిలిచి కూర్చోబెట్టింది. క్లెయిముల కోసం ప్రత్యేకంగా కౌంటర్లు పెట్టించింది, వాయిదాల గడువు సడలించే ఏర్పాటు జరిగింది. అంటే మనసుంటే మార్గముందని వాళ్లే చేసి చూపించారు. వరదలో పోతే ఒక న్యాయం, దొంగ ఎత్తుకెళ్తే మరో న్యాయమా? వరద బాధితులు వేలమంది కాబట్టి వాళ్ల గోడు వినిపించింది. దొంగతనం ఒక్కో రాత్రి ఒక్కో ఇంటి ముందు జరుగుతుంది కాబట్టి ఎవరికీ వినిపించడం లేదు. తేడా అదొక్కటే.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. ఎఫ్ఐఆర్, రెండు తాళంచెవులు, హక్కుల బదలాయింపు పత్రం చేతికందిన పదిహేను రోజుల్లో పాలసీ విలువలో కనీసం మూడొంతులు బీమా సంస్థ చెల్లించాలి. బండి తర్వాత దొరికితే అది బీమా సంస్థదే, మోసమని తేలితే వడ్డీతో సహా రాబట్టుకోవచ్చు. ఆ గడువు దాటితే పాత అప్పు మీద పడే వడ్డీ బీమా సంస్థ ఖాతాలో పడాలి, యజమాని ఖాతాలో కాదు. ఎఫ్ఐఆర్ తేదీ నుంచి క్లెయిము తేలేదాకా పాత వాయిదాలను ఆపి, ఆ కాలాన్ని బకాయిగా లెక్కించరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. మధ్యలో కొత్త బండికి అప్పిస్తే దానికి హామీ రావాల్సిన బీమా సొమ్మే కావాలి, చెమటోడ్చేవాడి ఇల్లూ వాకిలీ కాదు.

మోటారు సైకిళ్ల మీద పార్సిళ్లు చేరవేసే కుర్రాళ్ల సంగతి మరీ దారుణం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల బీమా తప్పనిసరి. అయితే అది ఎదుటివారికి జరిగే నష్టానికే. సొంత బండికి రక్షణ చాలాసార్లు ఏడాదితో ముగుస్తుంది. ఐదేళ్ల బీమా ఉందన్న ధీమాతో ఉన్నవాడికి, రెండో ఏట బండి పోయాక గానీ చోరీకి పూచీ లేదని తెలియదు. అమ్మేటప్పుడు ఈ ముక్క తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసివ్వడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

ఆ ట్రాలీ యజమాని తాను ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేశాడు. ప్రీమియం ముందే కట్టాడు. ఫిర్యాదు తెల్లారేసరికే చేశాడు. అరిగిన తాళంచెవీ అరగని తాళంచెవీ రెండూ అప్పగించాడు. ఇక ఇవ్వాల్సింది అటువైపు వాళ్లే. ఇవ్వాల్సిన సొమ్ము ఇవ్వకుండా, ఆ లోటు పూడ్చుకోవడానికి వడ్డీకి అప్పు అంటగడుతూ, దానికి ఉపశమనం అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు. ముందు ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాతే మిగతా మాటలు.